వాళ్ళింటి మీద ఎండ

మంచు కరిగే రోజుల్లో మా అమ్మ మెట్ల మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకోకపోతే ఆ వేసవిలో నేను గడప దాటి ఉండేవాణ్ణి కాదు. చెయ్యి అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. కొడవలి పట్టడానికి పనికిరాదు. గడ్డినేల కోత మొత్తం మా అక్క ద్రాందె ఒక్కదాని మీద పడింది. మూడు ఆవులు, ఒక కంచరగాడిద, ఇరవై మేకలు. మా కొండల్లో ఏడాదిలో సగం మంచే. గడ్డి చాలకపోతే ఆ మంచులో పశువులు పోతాయి. పశువులు పోతే మనుషులు కొండ దిగి పట్నం వీధుల్లో కూలికి నిలబడాలి.

ఇంట్లో మగవాణ్ణి నేనొక్కణ్ణే. పేరు మెహిల్. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. అందులో చివరి ఐదేళ్ళు నేను మా రాతి ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టలేదు. మా బాబాయి ఒక పెళ్ళిలో మాటా మాటా పెరిగి, ఎదురుకొండ ఇంటి పెద్దకొడుకును కాల్చి చంపి, ఆ వారంలోనే సముద్రం దాటి పారిపోయాడు. చంపినవాడు దొరక్కపోతే ఆ నెత్తురు అతని ఇంటి మగవాడి మీదికి వస్తుంది. మా నాన్న అంతకు ముందే పోయాడు కనుక అది నా మీదికి వచ్చింది. తీర్చుకోవలసినవాడు చనిపోయిన మనిషి తమ్ముడు జెలోష్. నాకంటే రెండేళ్ళు పెద్ద. బడిలో నా ముందు బల్ల మీద కూర్చునేవాడు. నేను ఇంట్లో ఉన్నంతసేపు నన్ను తాకకూడదు. గడప దాటితే చంపవచ్చు. చంపవచ్చు కాదు, చంపాలి. ఆడవాళ్ళ జోలికి ఎవరూ రారు. అందుకని అక్క చేలోకీ సంతకీ చర్చికీ తిరిగేది. నేను మొక్కజొన్న రొట్టె కాల్చడం, ఉన్ని వడకడం నేర్చుకున్నాను.

ఐదేళ్ళు ఒకే మనిషి గురించి ఆలోచించాను. ప్రేమించిన పిల్ల గురించి కూడా ఎవరూ అంతగా ఆలోచించి ఉండరు. మా కిటికీ జానెడు వెడల్పు. అందులోంచి లోయ అవతల వాళ్ళ ఇల్లు కనిపించేది. అతను ఎప్పుడు లేచేవాడో, ఏ చేత్తో తలుపు తీసేవాడో, కుంటి ఎద్దును ఎంత ఓపికగా తోలేవాడో నాకు తెలుసు. చాలాసార్లు అతని మీద కోపం తెచ్చుకోవాలని ప్రయత్నించాను. రాలేదు. భయం మాత్రం పిలవకుండానే వచ్చేది. కొంతకాలానికి అది కూడా ఇంట్లో మనిషిలా అయిపోయింది. పొద్దున్నే లేచి, అది లేచిందా లేదా అని చూసుకునేవాణ్ణి.

జూన్ చివర అమ్మ పోరు పడలేక ప్రెక్ తాత రాయబారం మోశాడు. ప్రెక్ తాతది మా రెండిళ్ళకూ చెందని మూడో ఊరు. డెబ్భై ఏళ్ళు దాటినా కొండలెక్కే మనిషి. నెత్తురు ఉన్న ఇళ్ళ మధ్య మాట మోయడం ఆయన పని. దానికి ఎవరూ ఏమీ ఇవ్వరు, భోజనం పెడతారు. మూడుసార్లు వెళ్ళాడు. మూడోసారి, ఒక బుధవారం పొద్దున, మా గుమ్మంలో నిలబడి బూట్ల బురద దులుపుకున్నాడు.

"ఇచ్చాడు," అన్నాడు. "ముప్పై రోజులు. నువ్వు గడ్డి కోసుకోవచ్చు. ముప్పయ్యో రోజు పొద్దు గుంకేదాకా నీ తల మీద వెంట్రుక కదలదు. తర్వాత మళ్ళీ మామూలే."

అమ్మ గోడ పట్టుకుని నేల మీద కూలబడింది.

"వాళ్ళమ్మ ఒప్పుకుందా తాతా?" అని అక్క అడిగింది.

"ఆవిడ ఒప్పుకోలేదు, కాదనలేదు. పెరుగు గిన్నె నా ముందు పెట్టి లేచిపోయింది. జెలోష్ మాటిచ్చాడు. ఇంటికి యజమాని వాడేగా." తాత నా వైపు తిరిగాడు. "ఏరా, మొహం అలా పాలిపోయిందేం? చచ్చిపొమ్మనలేదు, బయటికి వెళ్ళమన్నాను."

"వెళ్తాను తాతా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆ రోజు నుంచే లెక్క మొదలుపెట్టాం. అమ్మ ఒక తాడు తీసుకుని బుధవారానికి మొదటి ముడి వేసింది.

*

విడుదలైన మనిషి ఎగిరి గంతేస్తాడని అనుకుంటాం. మొదటి రోజు నేను పెరటి గోడ దాకా వెళ్ళి వాంతి చేసుకున్నాను. లోయ అంతా ఒకేసారి కళ్ళలోకి దూరింది. ఐదేళ్ళుగా నా చూపు గోడకు తగిలి వెనక్కి వచ్చేది. ఇప్పుడది పోయి పోయి ఎక్కడా ఆగడం లేదు. తల తిరిగింది. అక్క కంచరగాడిద తాడు పట్టుకుని నిలబడి చూస్తోంది.

"అయ్యిందా పెళ్ళికొడుకా? లేకపోతే పల్లకీ తెప్పించనా?"

"ఆగవే."

"గడ్డి ఆగదురా. పద. నేల మీద చూస్తూ నడు. నీ కాళ్ళు నీవేనా కాదా చూసుకో."

ఆమె చెప్పినట్టే నా బూట్లు చూసుకుంటూ నడిచాను. మా గడ్డినేల పడమటి కొండ పాదంలో ఉంది, ఇంటి నుంచి పావుగంట. కొడవలి పిడి నా ఎత్తంత. అది చేతికి రాగానే నడుము తానుగా వంగింది. మనసు మరిచిపోయినదాన్ని భుజాలు దాచి ఉంచాయి. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. నొప్పి బాగుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎప్పుడు పోతుందో తెలిసిన నొప్పి. అలాంటిది తగిలి చాలా కాలమైంది.

లోయకు అవతల, తూర్పు కొండ మీద, జెలోష్ కూడా కోస్తున్నాడు. వాళ్ళ నేల మాకంటే ఎత్తులో ఉంటుంది. మనిషి వేలెడంత కనిపిస్తాడు. వీపున తుపాకీ కూడా కనిపిస్తుంది. కొడవలి మొద్దుబారినప్పుడు నిలబడి రాయితో నూరుకోవాలి. ఆ చప్పుడు లోయ దాటి వస్తుంది. మూడో రోజో నాలుగో రోజో గమనించాను, నేను నూరడం మొదలుపెట్టిన కాసేపటికి అతనూ నూరుతున్నాడు. అతను ఆపితే నేను ఆపుతున్నాను. ఇద్దరిలో ఎవరు ఎవరిని అనుసరిస్తున్నామో తెలియలేదు. ఒకసారి కావాలనే నూరకుండా కోస్తూ పోయాను, పదును లేక గడ్డి నలుగుతున్నా సరే. అవతల కూడా చప్పుడు లేదు. చివరికి నాకు సిగ్గేసి రాయి తీశాను. అటు నుంచి వెంటనే చప్పుడు వచ్చింది.

అక్క దీన్ని చూసి తల కొట్టుకుంది. "ఇద్దరూ కలిసి పాట కట్టండి, పెళ్ళిళ్ళలో పాడుకోవచ్చు."

"వాడికి నా మీద కోపం ఉందంటావా అక్కా?"

"నాకేం తెలుసు? వాడికి కోపం ఉందో లేదో ఎవరూ అడగరు. మొన్న వాళ్ళ మేనమామ కూతురి పెళ్ళిలో ఏమైందో తెలుసా? అందరికీ కాఫీ గిన్నె నిండా పోశారు. వాడికి సగమే పోశారు. ఐదేళ్ళయింది, ఇంకా తీర్చుకోలేదని. వాడు ఆ సగం తాగి, గిన్నె బోర్లించి, లేచి వచ్చేశాడట. వాళ్ళ పెదనాన్న కొడుకు కోల అయితే నవ్వాడట కూడా."

నేను ఇంట్లో బందీ అయితే అతను బయట బందీ అన్న ఆలోచన అప్పుడే మొదటిసారి వచ్చింది. ఆ ఆలోచన నాకు నచ్చలేదు. నా బాధలో వాటాకు మరొకడు రావడం ఇష్టం లేకపోయింది.

పదిహేనో రోజు మేం కలిశాం. ఏటి ఒడ్డున ఊట ఉంది, రెండు వైపుల వాళ్ళూ అక్కడే నీళ్ళు పట్టుకుంటారు. నేను వంగి కుండ నింపుతుంటే నీళ్ళలో నీడ పడింది. వెన్నెముకలో ఏదో జారింది. మాట ఉంది కదా అని తలకు తెలుసు. వెన్నుకు తెలియదు.

"అలసిపోయావా?" అన్నాడు. దారిలో మనిషి కనిపిస్తే మా కొండల్లో అడిగే మాట అదే.

"లేదు. నువ్వు అలసిపోయావా?"

"లేదు."

అంతటితో మర్యాద అయిపోయింది. కాని అతను కదల్లేదు. గడ్డం పెరిగి ఉంది. కళ్ళ కింద నల్లటి చారలు.

"నీ కొడవలి ఎడమకు లాగుతోంది," అన్నాడు. "ఎత్తు నుంచి కనిపిస్తుంది. పిడి దగ్గర చీల వదులైనట్టుంది. బిగించుకో."

"సరే."

"లేకపోతే కాలు తెగుద్ది."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నన్ను చంపవలసిన మనిషి నా కాలు తెగుతుందని దిగులు పడుతున్నాడు. అతని మొహం ఎర్రబడింది. కుండ ముంచి, సగం నిండగానే ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నేను చీల బిగించుకున్నాను.

*

అమ్మ తాడులో ఇరవై తొమ్మిదో ముడి పడిన రోజు కూడా బుధవారమే. చివరి గడ్డి వామి వేస్తున్నాం. సాయంత్రానికి అక్క కంచరగాడిద మీద ఒక మోపు వేసుకుని ఇంటికి వెళ్ళింది. మధ్యలో పాతిన కర్ర చుట్టూ గడ్డి తొక్కుతూ నేనొక్కణ్ణే ఉన్నాను. పడమటి శిఖరం మీద మబ్బు దట్టంగా కూర్చుంది. పొద్దు గుంకిందో లేదో కూడా తెలియడం లేదు, ఎక్కడా ఎండ లేదు. నాకు తొందర లేదు. ఇంకా ఒక పూర్తి రోజు ఉంది. ఆ రోజుతో ఏం చేయాలో కూడా నిర్ణయించుకున్నాను. ఏమీ చేయకూడదు. గడ్డి మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూడాలి.

జెలోష్ ఏరు దాటి మా నేలలోకి రావడం చూశాను. తుపాకీ వీపు మీద లేదు, చేతిలో ఉంది. నేను వామి మీద నుంచి దిగాను.

"అలసిపోయావా?" అన్నాడు పది అడుగుల దూరంలో ఆగి.

"లేదు. నువ్వు?"

"ఇవాళ ఎన్నో రోజు?"

"ఇరవై తొమ్మిది."

"ముప్పై."

"కాదు. బుధవారం నుంచి..."

"ప్రెక్ తాత మా ఇంట్లో మాట తీసుకున్నది మంగళవారం సాయంత్రం," అన్నాడు. "మాట తీసుకున్న మనిషిని తిండి పెట్టకుండా, పడుకోబెట్టకుండా ఎవరు పంపుతారు? రాత్రి మా ఇంట్లోనే ఉన్నాడు. మీకు పొద్దున వచ్చి చెప్పి ఉంటాడు."

అవును. బూట్ల బురద దులుపుకుంటూ చెప్పాడు. మాట చెవిన పడ్డ రోజు నుంచి మేం లెక్క పెట్టుకున్నాం. నోటి నుంచి వచ్చిన రోజు నుంచి వాళ్ళు లెక్క పెట్టుకున్నారు. ఎవరినీ తప్పు పట్టలేం. ఆ లెక్క ఇంకోలా ఉంటుందని మా రెండిళ్ళలో ఎవరికీ తోచనే లేదు.

ఐదేళ్ళుగా ఈ క్షణాన్ని రకరకాలుగా ఊహించుకున్నాను. పరిగెడతాననుకున్నాను, ఏడుస్తాననుకున్నాను, ధైర్యంగా ఏదో అంటాననుకున్నాను. నిజంగా వచ్చినప్పుడు నాకు తోచింది ఒకటే. వామి మీద పైకప్పు వేయలేదు, వాన వస్తే తడిసిపోతుంది.

జెలోష్ నన్ను చూడటం లేదు. పక్కకు తిరిగి, లోయ అవతల ఉన్న తన ఇంటి వైపు చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. దవడ కదిలింది.

"మా ఇంటి మీద ఇంకా ఎండ ఉంది," అన్నాడు.

నేనూ అటు చూశాను. ఇల్లు నల్లగా ఉంది. కప్పు మీద పలకరాళ్ళు, గోడ, పెరడు, అన్నీ మబ్బు నీడలో ఒకే రంగు. నోరు తెరిచాను. లేదే, అనబోయాను. బడిలో పక్కవాడి లెక్క సరిదిద్దే పిల్లవాడిలా, నా ప్రాణం తీసే నిజాన్ని నేనే చెప్పబోయాను. ఎందుకు ఆగానో తెలియదు. అతని కళ్ళు చూసి ఆగాను అనుకుంటాను. తలుపు సందులో వేళ్ళు పడ్డ మనిషి కళ్ళు అవి.

"చూశావా?" అన్నాడు.

"చూశాను."

"మాట మా ఇంట్లో ఇచ్చాం. మా ఇంటి మీద ఎండ ఉన్నంతసేపు చెల్లుతుంది. నడు. పరిగెత్తకు."

నడిచాను. పావుగంట దారి. రెండు భుజాల మధ్య, వేలు పెట్టి చూపించగలిగేంత చోటు, మంటగా, మెలకువగా ఉంది. మా గుమ్మం దాటాక కూడా ఆ చోటు చాలాసేపు నిద్రపోలేదు.

*

ఆదివారం అక్క చర్చి నుంచి వచ్చి ఓణీ విసిరికొట్టింది.

"కోల చూశాడట. ఆ రోజు వాళ్ళ మేకల దొడ్డి దగ్గరే ఉన్నాడట. ఊరంతా చెప్పుకుంటున్నారు. చర్చి మెట్ల మీద అందరి ముందూ అడిగాడు, 'ఏం జెలోష్, నీ తుపాకీ మెహిల్ గడ్డివామికి కాపలానా? నెలకెంత?' అని."

"జెలోష్ ఏమన్నాడు?"

"మా ఇంటి మీద ఎండ ఉంది, మాట చెల్లింది అన్నాడు. కోల నవ్వాడు. అప్పుడు జెలోష్, పెద్దల్ని పిలుస్తాను, తేల్చమంటాను అన్నాడు." అక్క కూర్చుంది. "వాడి వైపు తేలకపోతే ఏంటో తెలుసుగా? గడువు దాటాక చేతికి చిక్కినవాణ్ణి వదిలేశాడని తేలితే వాడికి ఇక సగం కాఫీ కూడా పొయ్యరు. వాడు ఆ మచ్చ కడుక్కోవాలంటే ఒకటే దారి. నువ్వు ముసలాడివై చచ్చేదాకా వాడు ఈ గుమ్మం ముందు కూర్చుంటాడు."

అమ్మ వంకర చేత్తో ముడుల తాడును పొయ్యిలో పడేసింది.

వారం తిరిగాక పెద్దలు వచ్చారు. నాలుగు ఊళ్ళ నుంచి నలుగురు, ప్రెక్ తాతతో ఐదుగురు. చోటు మా గడ్డినేలే. ఆ ఒక్క రోజుకు జెలోష్ నాకు మళ్ళీ మాటిచ్చాడు. ప్రెక్ తాత మా గుమ్మంలోకి వచ్చి వేలు ఆడిస్తూ చెప్పాడు.

"ఇవాళ మధ్యాహ్నం నుంచి రేపు మధ్యాహ్నం దాకా. నా నోటితో చెబుతున్నా, మీ చెవులతో వినండి. మళ్ళీ తాళ్ళూ ముడులూ అంటే నేను కొండలో దూకుతా."

ఆకాశం ఆ రోజు నిర్మలంగా ఉంది. ముందు పొద్దు ఎలా గుంకుతుందో చూద్దామన్నారు. ఐదుగురు ముసలివాళ్ళు గడ్డి మోళ్ళ మీద వరసగా కూర్చుని ఎండ కోసం ఎదురుచూశారు. పడమటి కొండ నీడ మా నేల మీదికి వచ్చి, మా కాళ్ళు దాటి, ఏరు దాటి, అవతలి కొండ ఎక్కసాగింది. జెలోష్ వాళ్ళ ఇల్లు మాత్రం బంగారంలా మెరుస్తోంది. ప్రెక్ తాత ఒక సిగరెట్ చుట్టి కాల్చాడు. రెండోది కాల్చాడు. మూడోది సగంలో ఉండగా కప్పు చివరి పలక నల్లబడింది.

"రెండున్నర సిగరెట్లు," అన్నాడు తాత. "అంతసేపట్లో మెహిల్ ఇల్లు చేరి కాళ్ళు కడుక్కుని రొట్టె కూడా తినొచ్చు."

"ఆ సంగతి తర్వాత," అన్నాడు తుంటి నొప్పితో పక్కకు ఒరిగి కూర్చున్న ఒక పెద్దమనిషి. "ఎవరి పొద్దు పొద్దు? అది తేల్చు. నెత్తురు పడేది ఈ నేల మీద. ఈ నేల మీద పొద్దు గుంకింది."

"మాట పుట్టింది ఇంట్లో. ఇంటి పొద్దే పొద్దు."

"అలాగైతే శిఖరం మీద ఇల్లు కట్టుకున్నవాడి మాట రేపు పొద్దుటిదాకా చెల్లుతుందా?"

"కట్టుకోనీ. గాలికి వాడే ఎగిరిపోతాడు."

నవ్వారు. నలుగురు ఇంటి వైపు, ఒకడు నేల వైపు. కాసేపటికి తుంటి నొప్పాయన కూడా తల ఊపాడు. అయిపోయిందనుకున్నాను. అప్పుడు కోల ముందుకు వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. తన వాళ్ళ పరువు గురించి తనకొక్కడికే పట్టింపు ఉందని నమ్మే మనిషి.

"తాతలూ, ఇవాళ ఎండ బాగుంది. ఆ రోజు మబ్బు. ఇంటి మీదా లేదు, నేల మీదా లేదు. నేను దొడ్డి దగ్గర నిలబడి ఉన్నా. నా కళ్ళతో చూశా."

జెలోష్ తన బూట్ల వైపు చూస్తున్నాడు. తన సొంత వ్యవహారంలో అతని సాక్ష్యం చెల్లదు. నెత్తురు బాకీ ఉన్నవాణ్ణి కనుక నాదీ చెల్లదు. నన్ను అడగనందుకు లోలోపల దండం పెట్టుకున్నాను. అడిగి ఉంటే అబద్ధమే చెప్పేవాణ్ణి, కాని బాగా చెప్పగలిగేవాణ్ణి కాదు. ఆ ఇల్లు ఎంత నల్లగా ఉందో నా కళ్ళలో ఇంకా ఉంది.

జెలోష్ తల్లి కూడా వచ్చింది. ఏటి ఒడ్డున ఒక రాయి మీద, ఐదేళ్ళుగా విప్పని నల్లబట్టల్లో కూర్చుని ఉంది. ఆవిడ వచ్చినప్పటి నుంచి మా వైపు చూడలేదు. ఇప్పుడు లేచింది.

"ఏం మబ్బురా?" అంది.

"పిన్నీ, ఆ రోజు..."

"ఆ రోజు నేను పెరట్లో ఉన్ని ఆరేశాను. పొద్దుగుంకే దాకా ఆరేశాను. నా ఉన్ని మీద ఎండ ఉంది."

"పిన్నీ, నేను దొడ్డి దగ్గర నుంచి..."

"దొడ్డి దగ్గర నుంచి నా పెరట్లో ఎండ నీకు కనిపించిందా, నాకు కనిపించిందా? నువ్వు మేకలు చూసుకో. నా ఇంటి మీద ఎండ ఉందో లేదో నేను చెబుతా. ఉంది."

గొంతు పెంచలేదు. సంతలో ఉప్పు ధర చెప్పినట్టు చెప్పింది. తుంటి నొప్పాయన గొంతు సవరించుకుని, ప్రమాణం చేయించాలా అన్నట్టు ప్రెక్ తాత వైపు చూశాడు.

"కొడుకును పోగొట్టుకున్న తల్లిని నేను ప్రమాణం అడగను," అన్నాడు తాత. "అడిగేవాడుంటే లేచి నిలబడి అడగండి."

ఎవరూ లేవలేదు. ఆవిడ అప్పుడు నన్ను చూసింది. ఆ చూపులో నేను వెతికినవేవీ లేవు, క్షమ గాని, దయ గాని. నేను ఎంత పొడుగయ్యానో చూసినట్టు చూసింది, అంతే. తర్వాత కొడుకు దగ్గరికి వెళ్ళి, అతని భుజం మీద నుంచి తుపాకీ తీసి తన భుజానికి తగిలించుకుంది.

"పద, పాలు పిండాలి," అంది.

ఇద్దరూ ఏరు దాటి వెళ్ళారు. ముందు ఆవిడ, తుపాకీ గొట్టం కింద తగలకుండా చేత్తో ఎత్తి పట్టుకుని. వెనక జెలోష్, ఖాళీ చేతులు ఏం చేసుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని.

ఆవిడ అబద్ధం చెప్పిందని ఆవిడకూ, జెలోష్‌కూ, నాకూ తెలుసు. కోలకూ తెలుసు. ప్రెక్ తాతకు తెలియదని నేను అనుకోను.

*

సెప్టెంబరులో జెలోష్ ఇంటి నుంచి కబురు వచ్చింది, నెత్తురు వదిలేశామని. షరతు ఒకటే, మా బాబాయి ఈ లోయలో ఎప్పుడూ అడుగు పెట్టకూడదు. అమ్మ ఆ కబురు విని మూడు రోజులు మంచం దిగలేదు, ఆమెకు అదొక జ్వరంలా వచ్చి తగ్గింది. అక్క రెండు మేకల్ని కోసి ఊరంతటికీ పెట్టింది. నేను కిటికీలో కూర్చునే అలవాటు మానుకోవడానికి చాలా రోజులు పట్టింది. పొద్దున్నే లేచి భయం కోసం వెతుక్కునేవాణ్ణి. అది వెళ్ళిపోయిన చోటు పీకిన పన్ను చోటులా ఉండేది. నాలుక మాటిమాటికీ అక్కడికే పోయేది.

చనిపోయిన మనిషికి న్యాయం జరిగిందా అని కొన్నిసార్లు అనుకుంటాను. బాబాయి ఎక్కడో సముద్రం అవతల హాయిగా తింటున్నాడు. జరగలేదనే అనిపిస్తుంది. ఆ తల్లి దాన్ని ఎక్కడ పెట్టుకుందో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు.

నవంబరులో, మంచు పడబోయే ముందు, మొక్కజొన్న పట్టించుకోవడానికి ఏటి మర దగ్గరికి వెళ్ళాను. రెండు బస్తాలు దింపి గింజల తొట్టి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చేసరికి వాటి ముందు ఇంకో మూడు బస్తాలు ఉన్నాయి. వాటి మీద జెలోష్ కూర్చుని ఉన్నాడు.

"అలసిపోయావా?" అన్నాడు.

"లేదు. ఇక్కడ నా బస్తాలు ముందున్నాయి."

"ఉన్నాయి. కానీ నేను పొద్దున్నే వచ్చి చెప్పి వెళ్ళాను. మర ఆయన్ని అడుగు."

"ఆయనకు చెవుడు. ఆయనకు ఎవరేం చెప్పినా ఊ అంటాడు."

"అయితే నేను అబద్ధం చెప్తున్నానా?"

"నువ్వు చెప్తున్నావని నేననలేదు. బస్తాలు చెప్తున్నాయి అంటున్నా."

"ఒరేయ్, రెండుసార్లు నడిచి వచ్చా!"

"నేను ఎగిరి వచ్చానా?"

ఇద్దరి గొంతులూ పెరిగాయి. నేను అతని బస్తా ఒకటి పక్కకు లాగాను. అతను నాది లాగాడు. దాని మూతి తాడు ఊడి గింజలు నేల మీద పారాయి. నువ్వు పోశావంటే నువ్వు పోశావని అరుచుకున్నాం. మర ఆయన తలుపులోంచి తొంగిచూసి, "మీ ఇద్దరూ నా కోళ్ళకు మేత వేయడానికి వచ్చారా?" అని లోపలికి పోయాడు. పక్కన ఇద్దరు ఆడవాళ్ళు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. వాళ్ళు ఉన్ని అల్లుకుంటూనే ఉన్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు, ఒక్కరూ ఎవరినీ పిలవడానికి పరిగెత్తలేదు.

నేను గొంతు చించుకుని అరుస్తూ అరుస్తూ అది గమనించాను. ఆగిపోయాను. జెలోష్ కూడా ఆగాడు. అతనికీ అదే తోచిందో, ఊపిరి అందలేదో తెలియదు.

"సరే," అన్నాను. "నువ్వే ముందు పట్టించుకో."

"వద్దు. నువ్వే కానివ్వు."

"అరే, పట్టించుకో అంటున్నానుగా!"

"నేనూ వద్దంటున్నానుగా!"

ఆడవాళ్ళలో ఒకామె లేచి, తన బస్తా ఈడ్చుకుంటూ వెళ్ళి మా ఇద్దరి కంటే ముందు తొట్టిలో పోసుకుంది. మేం నేల మీద కూర్చుని గింజలు ఏరుకోవడం మొదలుపెట్టాం.